గొర్రెల దొడ్డిలో రాళ్లు

రాయి గాల్లో ఈల వేసుకుంటూ వచ్చింది. మిర్తో ఇంటి కప్పు దాటి వెనకున్న గొర్రెల దొడ్డిలో పడింది.

రోజూ అక్కడే పడుతుంది.

రోమన్లు చుట్టుముట్టిన మన గ్రీకు ఊరు, దొడ్డిలో గొర్రెల్ని ఎప్పుడో తినేసింది. ఇప్పుడక్కడ ఉన్నవి రోమన్లు విసిరిన రాళ్లే.

మిర్తో చేతికంటిన బార్లీ పిండి దులుపుకుని కోటగోడ ఎక్కింది. ఆమె నోటికి ఊరంతా దణ్ణం పెట్టాల్సిందే.

"ఒరేయ్ గుడ్డోడా, గోడ ఇక్కడుందిరా" అని కేకేసింది. "మీ ఊళ్లో గోడలుండవా?"

కాపలావాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

అవతల పొలంలో, రాళ్లు విసిరే యంత్రం దగ్గర, గురి చూసేవాడు తలెత్తాడు. మొహం తెలిసేంత దగ్గర కాదు. చెయ్యెత్తి ఊపాడు.

"తిడుతుంటే చెయ్యి ఊపుతాడేంటక్కా?" అన్నాడు కాపలా దామిస్.

"గురే కాదు, వాడికి పౌరుషం కూడా లేదు."

దామిస్ గొంతు తగ్గించాడు.

"నవ్వుకుంటే నవ్వుకున్నాం గానీ, మీ ఇంటి పక్క కోటగోడ మూల పాతబడిపోయింది. ఒక్క రాయి సరిగ్గా తగిలితే చాలు. మీ అమ్మని బజారు వైపు తీసుకుపో."

"రానంటోందిరా. అన్న ఓడ దిగొస్తే ఇల్లు వెతుక్కుంటాడట."

"లైకోన్ ఓడ మునిగి ఏళ్లయింది కదా."

"అమ్మకి చెవుడని తెలుసుగా. అరిచి చెప్పే మాటా అది?"



మర్నాడు మిర్తో ఊరుకోలేదు. ఎర్ర దుప్పటి తెచ్చి గోడ మూలకి వేలాడదీసింది.

"ఇదిగోరా, దీన్ని చూసి కొట్టు. ఇది కూడా కనపడకపోతే ఇంటికెళ్లి మేకలు కాచుకో."

రాయి వచ్చింది. దుప్పటి మీదుగా పోయి దొడ్డిలో పడింది.

ఊరు ఊరంతా గొల్లుమంది. రోమన్ సైనికులు కూడా నవ్వారు. ఆ నవ్వులకి వాళ్ల సేనాని గుడారంలోంచి బయటికొచ్చాడు. ఇంకో రెండు రాళ్లు వేయించి, అవి పోయే దారిని చాలాసేపు చూశాడు.

ఆ తర్వాతి పొద్దున యంత్రం దగ్గర ఎవరూ చెయ్యి ఊపలేదు.

మొదటి రాయి సముద్రంలో పడింది. రెండోది బజారులో పడింది. మూడోది మూలకి తగిలింది.

గోడ మూలా, మిర్తో ఇల్లు సగమూ ఒకేసారి కూలాయి.

మిర్తో ఇంటివైపు పరిగెత్తింది.

మిగిలిన సగంలో అమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టె తిప్పుతోంది.

"తలుపెవరు తీశారే? దుమ్మొస్తోంది" అంది.

గోడకి కంత పడితే మనవాళ్లు బెదిరిపోయే రకం కాదు. ఆడా మగా దొడ్డి మీద పడ్డారు. అక్కడ గుట్టగా ఉన్న రోమన్ల రాళ్లతోనే కంత పూడ్చేశారు. మన వైపు ఓడలు వచ్చేదాకా ఆ రాళ్లే ఊరిని నిలబెట్టాయి.

రోమన్లు గుడారాలు పీక్కుని పోయారు. కాలు విరిగిన ఒక సైనికుడు మాత్రం పొలంలో దొరికాడు. మిర్తో వాడికి నీళ్లు పోసింది.

"మా గుడ్డోడేడి? వాడి మెళ్లో ఒక దండ వెయ్యాలి. కూర్చోబెట్టి మాకు రాళ్లు తోలిపెట్టాడు."

సైనికుడు వచ్చీరాని మన భాషలో చెప్పాడు.

"నువ్వు దుప్పటి కట్టిన సాయంత్రమే చంపేశారు."

"రాయి తగల్లేదనా?"

"కాదు. అతని గురి మరీ బాగుందని. చేతకానివాడి రాళ్లు తలో చోటా పడతాయి. అతనివన్నీ ఒకే దారిన పోయాయి. మీ నవ్వులు విని బయటికొచ్చిన సేనాని అది కనిపెట్టాడు."

మిర్తో చేతిలో ముంత అలాగే ఉండిపోయింది.

"అతను మీ గ్రీకువాడే. ఏదో ఓడ మీద పట్టుబడిన బానిస. ఎందుకిలా చేశావని అడిగారు."

"ఏమన్నాడు?"

"'ఆ మూలింట్లో మా అమ్మకి చెవుడు, పారిపొమ్మని ఎంత అరిచినా వినపడదు' అన్నాడు."