సీమకోడి ఇంటి చదివింపులు

సీమకోడికి గుడ్లు పొదగడం కన్నా బారసాల చేయడం మీదే మోజెక్కువ. తోటలో అందరినీ పిలిచింది. వచ్చిన కానుకల్ని పైకి చదివే పని గోరింకది. "బాతుగారు అద్దం చదివించారు. పిల్లిగారు వెండి గిన్నె చదివించారు" అని అది కొమ్మ మీంచి అరుస్తుంటే, తెచ్చినవాళ్ళు మెడలు నిక్కించుకుని కూర్చున్నారు.

ఆ ఏడు వానల్లేక ఉడత చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇంట్లో మిగిలిన వేరుశనగ గింజలు వేయించి, తేనె కలిపి ఉండలు చుట్టి, మోదుగాకులో కట్టుకొచ్చింది.

సీమకోడి పొట్లం విప్పి చూసి మూతి తిప్పింది. "ఇది మాత్రం చదవకు, నా పరువు పోతుంది" అని గోరింక చెవిలో చెప్పింది. గోరింక చదవలేదు. తన పేరు వస్తుందేమోనని ఉడత చివరిదాకా కూర్చుని, లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి పిల్లలు ఆకలని గోల పెట్టాయి. అద్దాన్ని పొడిచాయి. వెండి గిన్నెలోకి తొంగి చూశాయి, అందులో ఏమీ లేదు. చివరికి ఆకు పొట్లం మీద పడ్డాయి. తల్లి కూడా రుచి చూద్దామని ఒకటి నోట్లో వేసుకుంది, ఇక ఆగలేకపోయింది.

మర్నాడు సీమకోడి ఎవరూ చూడకుండా ఉడత తొర్ర దగ్గరికొచ్చింది. "ఉడతమ్మా, పిల్లలు ఆ ఉండలే కావాలని ఏడుస్తున్నారు. ఇంకో పొట్లం కట్టివ్వవూ?"

ఉడత తోక దులుపుకుంది.

"ఏ ఉండలు వదినా? నేను చివరిదాకా కూర్చుని విన్నానుగా. ఉడత ఏమీ చదివించలేదు."