సగమైన దుఃఖం

“మీ బాధకి పదికి ఎన్ని మార్కులేస్తారంటే ఆవిడ మొదట ఎనిమిదంది. ఇప్పుడు నాలుగంటోంది. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి మన కౌన్సెలింగ్ వల్ల దుఃఖం సగమైందని రాయి” అన్నాడు మనస్తత్వశాస్త్రం ప్రొఫెసర్.

“సగమని ఎలా రాస్తాం సార్? దుఃఖమేమన్నా బియ్యమా, కాటాలో తూచడానికి?” పరిశోధక విద్యార్థిని పెదవి విరిచింది. “పరుగుపందెంలో నాలుగో స్థానంలో వచ్చినవాడు ఎనిమిదోవాడికంటే రెట్టింపు వేగంగా పరిగెత్తినట్టా? ఇవి వరస చెప్పే అంకెలు. ఎంత తేడానో చెప్పవు.”

“తాతకి దగ్గులు నేర్పకు. ఆవిణ్ణే అడుగుదాం.”

ఆయన తలుపు తీసి, వరండాలో కూర్చున్న ఆ తల్లిని లోపలికి పిలిచాడు. “ఏమ్మా, బాధ సగం తగ్గినట్టేగా?”

ఆమె విద్యార్థిని వైపు చూసి నొచ్చుకుంది. “ఏం తగ్గలేదండీ. నేను ఎనిమిది అన్నప్పుడల్లా ఈ అమ్మాయి మొహం వాడిపోయేది. పాపం, ఇంత కష్టపడుతోందే అని తగ్గిస్తూ వచ్చాను.”

విద్యార్థిని ప్రొఫెసర్ వైపు తిరిగింది.

“నేను చెప్పిందీ తప్పే సార్. అది వరస కూడా కాదు. ఈవిడకి నా మీద కలిగిన జాలి.”

“జాలికి నా పట్టికలో గడి లేదు. నాలుగే ఉంచు” అని ఈసడించి ప్రొఫెసర్ బయటికి నడిచాడు.

విద్యార్థిని ఆ నాలుగుని కొట్టేసింది. కుర్చీ ఆ తల్లి దగ్గరికి లాక్కుంది.

“మీ అబ్బాయి ఎలా ఉండేవాడమ్మా?”

ఇన్ని వారాల్లో ఆ మాట ఎవరూ అడగనే లేదు.

“వాడా? ఒట్టి అల్లరి వెధవ తల్లీ” అంటూ ఆ తల్లి మొదలుపెట్టింది.