పద్దెనిమిది గదుల ఓనరు

ఓరిన్ చక్రం తిప్పుతుంటే పద్దెనిమిది గదుల ఇల్లు కిర్రుమంటూ కంబం మీంచి కిందికి దిగింది.

ఆరో గదిలో గడ్డి, కోడి ఈక, చాక్లెట్ కాగితం. మళ్ళీ పిచ్చుకలే. నిన్న పీకేశాడు, ఇవాళ మళ్ళీ తెచ్చిపెట్టాయి. పిచ్చుకలు కనబడటం లేదని కొన్ని దేశాల్లో బాధపడతారట. ఆ దేశాలవాళ్ళ అదృష్టమే అదృష్టం అనుకున్నాడు ఓరిన్.

"ఏం ఓనరుగారూ, వాటాలు నిండాయా?" వెనక వసారాలోంచి మార్నీ అడిగింది. చంకలో పిల్లాడు. నిద్రలేక ఆమె కళ్ళు గుంటలు పడ్డాయి.

"టులెట్ బోర్డు ఇంకా తియ్యలేదమ్మాయ్."

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో, వాళ్ళ ఊరి సరస్సు చుట్టుపక్కల, మార్టిన్ పిట్టలకి ఇళ్ళు కట్టేవాళ్ళందరినీ ఓనర్లనే అంటారు. పిట్టలేమో అద్దెకున్నవాళ్ళు. అవి బ్రెజిల్ నుంచి వస్తాయి. చెట్టుతొర్రలో గూడు పెట్టుకోవడం ఎప్పుడో మానేశాయి. మనిషి ఇల్లు కట్టి పెడితేనే కాపురం. అద్దె ఇవ్వవు, ఆగస్టులో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతాయి. అయినా ఇరవై ఆరేళ్ళుగా ఈ కంబానికే వచ్చాయి.

ఈ ఏడు రాలేదు. ఏప్రిల్ అంతా ముసురు, మధ్యలో రెండుసార్లు మంచు. గాలిలో పురుగు లేకపోతే అవి బతకవు. ఏటా ఆ గదులకి తెల్లరంగు వేసే ఎల్నా పోయి పదమూడు నెలలైంది. ఆ సంగతి వాటికెలాగో తెలిసిపోయిందేమో అని కూడా అనిపించింది ఓరిన్‌కి. పిచ్చి ఆలోచనే, కానీ భార్య పోయినవాడికి అలాంటివే వస్తాయి.

మార్నీ అక్టోబరులో దిగింది ఇంట్లో, మొగుడితో, పిల్లాడితో. మంచి మనిషే. వంటింటి గోడలకి ముదురు ఊదారంగు వేయించింది. ఓరిన్ చూసి ఊరుకున్నాడు. ముందు గదిలో అడ్డదిడ్డంగా మేకులు కొట్టింది, అప్పుడూ ఊరుకున్నాడు. ఆమె మాత్రం పాట దగ్గర ఊరుకోలేదు. మార్టిన్లు తెల్లవారుజామున పాడే పాట వినిపిస్తే, పైన పోయే పిట్ట కిందికి దిగుతుంది. అందుకే షెడ్డులో పెట్టిన రికార్డరు రోజూ నాలుగున్నరకి దానంతటదే మోగుతుంది.

"మీ పాటకి మావాడు రోజూ నాలుగున్నరకే లేస్తున్నాడు," అంది మార్నీ. "ఇవాళ ముప్పయ్యో తారీఖు. గుర్తుందా?"

"ఉంది."

మే ఒకటి దాకా ఓపిక పడతానంది ఆమె. ఆపైన పాట ఆగాలి, కంబం పోవాలి, అక్కడ పిల్లాడికి ఉయ్యాల రావాలి. ఓరిన్ సరేనన్నాడు. ఆయనకి గట్టిగా మాట్లాడటం చేతకాదు. మెత్తనివాణ్ణి చూస్తే ఎవరికైనా మొత్తబుద్ధే.

"పోనీ ఆ కంబాన్ని ఇంకోచోట పాతితే?"

"రావు. పక్క వీధికి జరిపినా రావు. వాటికి పాత చిరునామాయే కావాలి."

"అదుగో, ఏదో నల్లది."

ఓరిన్ చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "తోక పొట్టి, ముక్కు పసుపు. అది స్టార్లింగు, మైనాకి తమ్ముడు. ఇళ్ళు కబ్జా చేసే రకం."

"ఏమో, నాకన్నీ ఒకలాగే ఉన్నాయి," అని మార్నీ మెట్టు మీద కూలబడింది.

ఓరిన్ కోడిగుడ్డు పెంకులు నలిపి పళ్ళెంలో చల్లాడు. మార్టిన్లకి అవంటే ఇష్టం. ఇంటిని మళ్ళీ పైకెక్కించేసరికి జబ్బలు పడిపోయాయి. బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఇంక చాలు, డెబ్బై ఎనిమిదేళ్ళవాడికి ఇంత ఆశ అక్కర్లేదు అనుకున్నాడు. మబ్బు విడి కాస్త ఎండ వచ్చింది. లేవాలనిపించక అలాగే ఉండిపోయాడు.

ఎక్కడో పైనుంచి గలగలమని, గొంతులో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు పాట.

"రికార్డరు ఆగలేదా?" విసుగ్గా అంది మార్నీ.

"ఏడింటికే ఆగింది."

ఇద్దరూ తలెత్తారు. రెక్కలు కదపకుండా తేలుతూ ఒక పిట్ట రెండు చుట్లు తిరిగింది. తోక చివర చీలి ఉంది. ఎండకు తిరిగేసరికి నలుపు కాస్తా ఊదా అయింది. తిన్నగా రెండో అంతస్తు మూలగది గుమ్మంలో వాలి, తల లోపల పెట్టి చూసింది.

"ఇదేనా?"

"వీడే. ముసలివాడు. ముందు ఒకడొచ్చి చూస్తాడు. మిగతావాళ్ళు వారంలో దిగుతారు." ఓరిన్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మార్నీ మెట్టు మీంచి లేచి కంబం దగ్గరికి వచ్చింది.

"అయితే ఆగస్టు దాకా తప్పదన్నమాట."

"రోజూ దించి చూడాలమ్మాయ్. లేకపోతే పిచ్చుకలు గుడ్లు పొడిచేస్తాయి. పాట మాత్రం ఇక అక్కర్లేదు."

"సరే. ఉయ్యాల ఆ మూల కట్టుకుంటాం."

ఆమె పిల్లాణ్ణి లోపల పడుకోబెట్టి వచ్చింది.

ఇల్లు అమ్మిన రోజున ఓరిన్ తనకు అప్పగించిన తాళంచెవుల గుత్తిలోంచి పెరటి గేటుది ఊడదీసి, "రేపట్నుంచి బెల్లు కొట్టక్కర్లేదు, ఓనరుగారూ," అంటూ ఆయన చేతిలో పెట్టింది.