పదికి పది

"కళ్ళు సగం తెరుస్తున్నావు ముసలోడా. నర్సు ఇట్టే పట్టేస్తుంది," అంది ఒబ్దూలియా.

ఎలియాసర్ ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని, కాళ్ళు రెండూ స్టూలు మీదికి చాచాడు. ఆమె చీపురుపుల్లతో అతని ఎడమ బొటనవేలి కింద తాకి, అదే క్షణంలో చేతిలోని విసనకర్రను టక్కున మూసింది.

"తగిలింది," అన్నాడు.

మడమ మీద తాకి మళ్ళీ టక్కుమనిపించింది. మళ్ళీ తగిలిందన్నాడు. నిజానికి ఆ పాదాలకు చీపురుపుల్ల కాదు కదా, మొన్నామధ్య దిగిన మేకు కూడా తెలియలేదు. గచ్చు మీద నెత్తుటి అడుగులు చూసి ఒబ్దూలియా కేక పెట్టాకే అతను కిందికి చూసుకున్నాడు. ఆ గాయం మానడానికి రెండు నెలలు పట్టింది.

ఇంత నాటకం ఎందుకంటే, మర్నాడు పేట ఆసుపత్రిలో షుగరు రోగుల పాదాలకు పరీక్ష. కళ్ళు మూసుకోమని, అరికాలి మీద పది చోట్ల సన్నటి ప్లాస్టిక్ దారంతో తాకి, తెలిసిందా అని అడుగుతారు. తెలియనివాళ్ళను వ్యాను ఎక్కించి హలాపా పెద్దాసుపత్రికి పంపుతారు. వేరాక్రూజ్ రేవు వెనక ఉన్న ఆ పేట నుంచి నిరుడు ముగ్గురు వెళ్ళారు. ముగ్గురూ ఒంటికాలితో తిరిగొచ్చారు. ముందు ఇన్సులిన్ పొడిచారు, తర్వాత కాలు కోశారు అని వాళ్ళే చెప్పారు. ఇక పేటలో ఇన్సులిన్ పేరెత్తితే జనం సిలువ గీసుకుంటున్నారు.

ఈ మొగుడూపెళ్ళాలకు ఉన్న ముచ్చటల్లా శనివారం సాయంత్రమే. చౌకులో బ్యాండు మోగితే, నలభై రెండేళ్ళుగా వాళ్ళు దన్సోన్ ఆడని శనివారం లేదు. ఆమె విసనకర్ర ఆ నాట్యం కోసం కొన్నదే. ఈమధ్య కాలికింద నేల తెలియకపోయినా, ఆమె నడుం పట్టుకుని అలవాటు మీద లాగించేస్తున్నాడు.

"కాలు తీసేస్తే, నన్నూ దాంతోపాటే పూడ్చేయించు," అన్నాడు స్టూలు మీది కాళ్ళు తియ్యకుండానే.

"నోరు మూసుకుని కళ్ళు మూసుకో," అంది ఒబ్దూలియా. అతను చూడటంలేదు కదా అని కొంగులాంటి శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఆసుపత్రి వరండాలో వాళ్ళకంటే ముందు ఎవాన్హెలీనా ఉంది. మార్కెట్లో తమాలెలనే మొక్కజొన్న పిండి పొట్లాలు అమ్మే ఈ వితంతువు వాళ్ళ పక్కింటిదే. పాపం, ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఆరు చోట్ల తెలియలేదని ఉన్నదున్నట్టు చెప్పేసింది. నర్సు నోయెమీ ఆమె పేరు వ్యాను జాబితాలో రాసుకుంది.

ఎవాన్హెలీనా బయటికొచ్చి ఒబ్దూలియా భుజం మీద పడి భోరుమంది. "నా కాళ్ళకి చివరి రోజులొచ్చేశాయి వదినా," అంది. ఈమెకూ ఆ కిటుకు నేర్పి ఉండాల్సిందని ఒబ్దూలియాకు ప్రాణం ఉసూరుమంది. కానీ ఇద్దరు ఒకే ఎత్తు వేస్తే దొరికిపోతామని భయపడి ముందే ఊరుకుంది. ఆ స్వార్థానికి ఆమె తనను తాను చాలా రోజులు తిట్టుకుంది.

లోపల నోయెమీ ముందు ఎలియాసర్ చీలమండ దగ్గర నాడి చూసింది. మొహం చిట్లించింది.

"నెత్తురు సరిగ్గా రావడంలేదు దోన్ ఎలియాసర్. ఇన్సులిన్ అంటే చక్కెర తగ్గించేదే అనుకుంటారు అందరూ. రక్తనాళాల్ని వదులు చేసేది కూడా అదే. ఒంట్లో అది సరిగ్గా పనిచేయకపోతే నాళాలు బిగుసుకుపోతాయి. పాదానికి తిండి అందదు. హలాపాలో ముందు ఇన్సులిన్ పెట్టేది అందుకే."

"మాత్రలు వేసుకుంటున్నాను కదమ్మా," అన్నాడు అతను బుద్ధిమంతుడిలా.

నోయెమీ జాబితా అందుకుని అతని పేరు సగం రాసి ఆగింది. దారంతో కూడా చూద్దామంది.  ఒబ్దూలియా ఉక్కగా ఉందని సణుగుతూ నర్సు వెనక నిలబడి విసనకర్ర విప్పింది.

టక్కు. తగిలింది. టక్కు. తగిలింది. దన్సోన్‌లో ఒక్క అడుగు కూడా తప్పని జంట ఇందులో మాత్రం తప్పుతుందా? అనుమానం వచ్చి నోయెమీ రెండు కాళ్ళూ మార్చి మార్చి మొత్తం మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారీ పదికి పది.

"ఈ వయసులో ఇంత స్పర్శా? నాడి నేనే సరిగ్గా పట్టలేదేమో," అని నవ్వి, సగం రాసిన పేరు కొట్టేసింది. మాత్రలే కొనసాగించమని, మళ్ళీ ఏడాదికి రమ్మని చెప్పింది.

మధ్యాహ్నం వ్యాను కదులుతుంటే ఎవాన్హెలీనా కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఒబ్దూలియా ఆమె కోసం ఏడ్చింది, మొగుడి కోసం దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ శనివారం ఇద్దరూ చౌకులో ఆఖరి పాట దాకా ఆడారు.

నాలుగో నెలలో ఎలియాసర్ బొటనవేలు నల్లబడింది. కొత్త బూటు కరిచిందట, అతనికి తెలియనే లేదు. వారం తిరిగేసరికి నలుపు మడమ దాకా పాకింది. డాక్టరు చూసి, మోకాలి కింద తీసేయాలన్నాడు. ఇంకేదైనా దారి ఉందా అని ఒబ్దూలియా చేతులు పట్టుకుని బతిమాలింది. నాళాలన్నీ మూసుకుపోయాయమ్మా, ఇప్పుడు ఏ మందూ అక్కడిదాకా చేరదు అన్నాడు. ఎలియాసర్ గోడకేసి తిరిగి పడుకున్నాడు.

అతన్ని తీసుకెళ్ళడానికి హలాపా వ్యాను వచ్చి ఆసుపత్రి ముందు ఆగింది. నాలుగు నెలల కిందట వెళ్ళినవాళ్ళను అదే తిరిగి తెచ్చింది. తలుపు తెరుచుకుంది. లోపల ఎవాన్హెలీనా కనిపించింది. పాపం ఊతకర్రలతో మెట్లు ఎలా దిగుతుందోనని ఒబ్దూలియా కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ చాచి ముందుకు పరుగెత్తింది.

ఎవాన్హెలీనా తన రెండు కాళ్ళ మీదే దిగింది.