పదిహేడో నంబరు చేతులు

"అక్కా, వేయించుకోనా, వద్దా? నర్సు సూది పట్టుకుని నిలబడింది. నువ్వు ఊఁ అంటేనే!" పక్కగదిలోంచి చెల్లెలు కేకేసింది.

"ఉండవే, నీ తొందర తగలెయ్య! ఒక్క నిమిషం" అంది కీళ్లమ్మ.

ఆసుపత్రిలో అందరూ ఆమెను పిలిచే పేరదే. కొత్త కీళ్లవాతం మందు పరీక్షలో, వాచిన కీళ్లు లెక్కపెట్టడం ఆమె పని. ఎవరికి అసలు మందు పడుతోందో, ఎవరికి ఉత్త నీళ్లు పడుతున్నాయో ఆమెకు తెలియకూడదు. అందుకే మధ్యలో పరదా. రోగులు అటు తలుపులోంచి వచ్చి కూర్చుని, సందులోంచి చేతులు చాపుతారు. మొహం చూడకూడదు, పలకరించకూడదు.

ఇప్పుడు ఆమె ముందున్నవి పదిహేడో నంబరు చేతులు. మణికట్టుకు చీటీ కట్టి ఉంది. పోయిన నెల వాచి కందిపోయిన వేళ్లు ఇవాళ సన్నగా, తిన్నగా ఉన్నాయి.

ఈ చేతుల కోసమే ఆమె ఎదురుచూస్తోంది. అందరికన్నా ఎక్కువగా వాచినవి ఇవే, ఇవి తగ్గితే మందు పనిచేసినట్టే. చెల్లెలు కుట్టుపని మీద బతికే మనిషి. ఆరు నెలలుగా కత్తెర పట్టలేకపోతోంది. ఇవాళ తనకు మొదటి ఇంజెక్షన్. కొత్త మందంటే హడలు. అక్క మాట మీదే అంతా పెట్టుకుంది.

కీళ్లమ్మ ఒక్కో కీలూ నొక్కింది. పోయిన నెల వేలు తాకితే చాలు, ఆ చేతులు విలవిల్లాడేవి. ఇవాళ కదల్లేదు. చల్లగా ఉన్నాయి. వాపుతో పాటు వేడీ తగ్గిందనుకుంది. ఇరవై రెండు కీళ్లు, అన్నింటికీ సున్నాలే. పన్నెండేళ్ల ఉద్యోగంలో అన్ని సున్నాలు ఎప్పుడూ రాయలేదు. సంతోషంతో కళ్లు చెమర్చాయి.

"ఇదిగో, చెబుతున్నా..." అంటూ పక్కగది వైపు తిరిగింది. ఆ చేతులు చటుక్కున ఆమె మణికట్టును పట్టుకున్నాయి. ఎముకలు నలిగేంత గట్టిగా! మంచినీళ్ల గ్లాసు ఎత్తలేని చేతులు! పాపం, ఎంత సంబరమో పిచ్చితల్లికి అనుకుంది. విడిపించుకోబోతే పట్టు ఇంకా బిగిసింది. అయినా రెండో చేత్తో 'పట్టు: చాలా బాగుంది' అని కాగితం మీద గిలికింది.

"వేయించుకోవే! మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది!"

పట్టు సడలింది. చేతులు మెల్లగా పరదా వెనక్కి వెళ్లిపోయాయి.

అంతలో ఫైళ్లు చూసే గుమాస్తా రొప్పుతూ వచ్చాడు. "అమ్మా, ఇవాళ్టి ఇంజెక్షన్లన్నీ ఆపేయమన్నారు. పదిహేడో నంబరావిడ తెల్లవారుజామున పోయారు. మందే ప్రాణం తీసిందట."

"పదిహేడా? ఇప్పుడేగా చూశాను!"

"ఎలా చూస్తారండీ? అటు తలుపు తాళం నా జేబులోనే ఉంది. ఇంకా ఎవర్నీ లోపలికి పంపలేదు."

కీళ్లమ్మ పరదా లాగింది. కుర్చీ ఖాళీ. ఆ చేతులు తనను పట్టుకున్నది సంబరంతో కాదు, ఆపడానికి. "వద్దే, వద్దు!" అని అరుస్తూ పక్కగదిలోకి పరుగెత్తింది.

చెల్లెలు జబ్బ మీద దూది ఒత్తుకుంటూ నవ్వింది. "అయిపోయిందక్కా. అనవసరంగా భయపడ్డాను."