తెల్లజెండా చేను

గోనెసంచిలో చెయ్యి పెట్టేముందు శ్రీరాములు కళ్ళు మూసుకుని వాడపల్లి వెంకన్నకు దణ్ణం పెట్టుకున్నాడు.

సంచిలో నాలుగు జెండాలున్నాయి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు. వ్యవసాయం చదివిన పిల్లలకు పొలంలో పని నేర్పడానికి మలికిపురం దగ్గరున్న ఆ ఊరిని ఎంచుకున్నారు. తొలకరికి వేసే సార్వా పంట పొడుగునా వాళ్ళు నాలుగు వరిచేలలో తిరుగుతారు. మట్టి, ఎరువు, పురుగు అన్నీ చూస్తారు. ఆ నాలుగింటిలో శ్రీరాములు చేను ఒకటి. రైతులు ఎవరి జెండా వాళ్ళే చూడకుండా తీసుకోవాలి.

అతని చేతికి తెల్లది వచ్చింది.

"మంచిదేనాండీ?" అని అడిగాడు.

"గుర్తు కోసమండీ, అంతే," అన్నారు శిక్షణాధికారి అప్పలరాజుగారు. "ఒక్కమాట. మేం చెప్పకుండా చేలో మీ అంతట మీరు ఏమీ వెయ్యకండి. పిల్లల చదువు పాడవుతుంది."

"ఆయ్. మాటంటే మాటేనండీ."

శ్రీరాములు ఆశపడటానికి కారణం ఉంది. ఊరికి సముద్రం వైపు చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. అన్న కొండబాబు తన వాటా ఎప్పుడో తవ్వించేశాడు. వరుసగా పంటలు దెబ్బతిని విసిగిపోయిన శ్రీరాములు, "ఈ సార్వా కూడా పోతే నాదీ తవ్వించేద్దాం అన్నయ్యా," అని పెద్దల ముందు నోరు జారాడు. ఉప్పునీళ్ళు ఎక్కిన మట్టిలో మళ్ళీ వరి పండదని అతనికి తెలుసు. తెలిసీ అన్నాడు. ఇక ఈ పంటే దిక్కు.

పిల్లలు జీపులో వచ్చేవారు. ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి బురదలో దిగేవారు. విచిత్రం ఏమిటంటే, మిగతా చేల దగ్గర కాసేపు ఉండి, ఎక్కువసేపు శ్రీరాములు చేలోనే గడిపేవారు. దుబ్బులు తట్టి నీళ్ళలో రాలిన పురుగులను లెక్కపెట్టేవారు. ఫోటోలు తీసేవారు. శ్రీరాములు భార్య వీరవేణి వాళ్ళకు కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చేది.

"శ్రీరాములు చేను పెళ్ళికూతురైపోయిందిరోయ్!" అని ఊళ్ళో ఏడిపించారు. అతను పైకి విసుక్కున్నాడు గానీ, లోపల పొంగిపోయాడు.

వాన వెలిశాక వరికి సుడిదోమ పడింది. దుబ్బుల మొదళ్ళకు నల్లగా పట్టుకుని రసం పీల్చసాగింది. పక్క చేలలోనూ, మిగతా మూడు జెండాల చేలలోనూ మందు పంపులు మోగాయి.

"మనకెప్పుడండీ?" అని అడిగాడు శ్రీరాములు.

తెల్లజెండా చేను చూసే అమ్మాయి పేరు వెంకటదుర్గ. ఆమె వంగి ఒక దుబ్బులో సాలీడును చూపించింది. "ఇది దోమను తింటుంది బాబాయిగారూ. మనకు మేలు చేసే పురుగు." ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె అతని ముఖంలోకి చూడలేదు.

ఆ రోజు నుంచి శ్రీరాములు సాలీళ్ళనే నమ్ముకున్నాడు. పాపం, అవీ చేతనైనంత తిన్నాయి. దోమను ఆపడం వాటి వల్ల కాలేదు. చేను మధ్యలో ఒకచోట గుండ్రంగా పసుపెక్కింది. తర్వాత ఎండిపోయింది. పక్కనే అలాంటి సుడి ఇంకొకటి లేచింది.

కొండబాబు గట్టు మీద నిలబడి కేకలేశాడు. "ఒరే, వాళ్ళ చదువు కోసం నీ చేను తగలెట్టుకుంటావా? మందు కొట్టరా!"

శ్రీరాములు ఉండలేకపోయాడు. మందు కలిపి, పంపు వీపున వేసుకుని గట్టు ఎక్కాడు. అంతలో జీపు వచ్చింది. వెంకటదుర్గ దిగి, అతన్ని చూసి ఆగిపోయింది.

"కొట్టెయ్యమంటారాండీ అమ్మాయిగారూ? మీ మాటేనండీ నాకు. మీరు ఊఁ అంటే చాలు."

ఆమె నోరు తెరిచింది. వెనక అప్పలరాజుగారు దగ్గారు.

"చూద్దాం బాబాయిగారూ," అంది. ఆ గొంతు అతనికి సరిగా వినపడనే లేదు.

శ్రీరాములు పంపు దించి కొబ్బరిచెట్టుకు ఆనించాడు. ఇచ్చిన మాట తప్పబోయినందుకు సిగ్గుపడ్డాడు కూడా.

కోతలనాటికి పక్క చేలు బరువుగా వంగాయి. శ్రీరాములు చేను నిలువునా ఎండి గడ్డి అయిపోయింది. పశువులు కూడా మూతి పెట్టలేదు. కొండబాబు ఇంకేమీ అనలేదు. చెరువు తవ్వే మిషన్ తెచ్చి గట్టు పక్కన పెట్టించాడు.

శిక్షణ ముగిసిన రోజు పిల్లలు జీపు ఎక్కుతుంటే శ్రీరాములు వచ్చాడు. చేతిలో తెల్లజెండా ఉంది. వీరవేణి దాన్ని ఉతికి, గంజిపెట్టి, మడత పెట్టింది.

"అమ్మాయిగారండీ, మా ఆవిడ నాకు చెప్పకుండా ఓ మూల పిడికెడు బూడిద చల్లిందంటండీ. దాని వల్లేమైనా పాడయ్యిందాండీ?"

"కాదు బాబాయిగారూ."

"మరి నేనేం తప్పు చేసేనండీ? మిగతా మూడు చేలూ పండేయి. మీరు అందరికంటే ఎక్కువ చూసింది నా చేనే కదండీ?"

వెంకటదుర్గ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శ్రీరాములు కంగారుపడ్డాడు.

"నా మూలంగా మీ చదువుకేం దెబ్బ రాలేదు కదాండీ?"

"లేదండీ. మేమందరం ఎక్కువ నేర్చుకున్నది మీ చేలోనే."

"ఆయ్. అంతే చాలండీ," అని అతను జెండా ఆమె చేతిలో పెట్టి, మిషన్ చప్పుడు వినిపిస్తున్న వైపు నడిచాడు.

వదిలేస్తే దోమ ఒక చేనును ఎంతవరకు తింటుందో పిల్లలకు చూపించడానికి, చివరిదాకా ఏ మందూ కొట్టకుండా ఉంచే పొలానికి మొదటి రోజే పెట్టుకున్న గుర్తు ఆ తెల్లజెండా.