ఒక అమ్మాయి

జమ్మలమడుగు దగ్గరి హైస్కూలుకు ఆ రోజు కడప నుంచి పెద్దాఫీసరు వచ్చాడు. కొత్త పద్ధతిలో పాఠం ఎలా సాగుతోందో చూడాలట. సమాజంలో తెగని గొడవల మీద పిల్లలే ప్రశ్నలడగాలి, పిల్లలే ఆలోచించాలి. పెద్దవాళ్లు జవాబు చెప్పకూడదు. ఇంత హాయైన పద్ధతి ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదో!

సోషల్ మాస్టారు వీరభద్రయ్య నియమం చెప్పాడు.

“మీ ఇండ్ల సంగతులు ఈడికి తేవద్దు. ‘నేను’ అనొద్దు. ‘ఒక అబ్బాయి’, ‘ఒక అమ్మాయి’ అనాల.”

బోర్డు మీద ‘బాల్య వివాహాలు’ అని గుండ్రంగా రాశాడు. ఆఫీసరు ఫోటో తీసుకున్నాడు.

ముందు బెంచీలోంచి తన్మయి లేచింది.

“సార్, ఒక అమ్మాయి ఉంది. పదో తరగతి. పరీక్షలు అయిపోతానే పెండ్లి చేస్తాండారు. ఆ పిల్లకు ఇష్టం ల్యాదు. యాడికి పోయి చెప్పుకోవాల?”

పిల్లలంతా తలలు దించుకున్నారు. ఆఫీసరు మాత్రం మురిసిపోయాడు.

“శభాష్! ఎంత బాగా ఊహించావమ్మా! వాళ్ల నాన్నకు చెప్పొచ్చుగా?”

“చెప్పింది సార్. వినల్యా.”

“పోనీ, వాళ్ల సారుకు?”

“నాయనకు చెప్పినా, సారుకు చెప్పినా ఒకటే సార్.”

ఆఫీసరు పకపకా నవ్వాడు. వీరభద్రయ్య గొంతు సవరించుకుని, మూడో బెంచీలో ఖాళీ చోటు చూపించాడు.

“ఆడ కూర్చునే అఫ్సానా గురించి సార్. రెండు దినాలుగా బడికి రాల్యా. వాళ్లల్లో ఇది మామూలే.”

ఆఫీసరు తలాడించాడు. ఎంత తొందరగా అర్థమైందో ఆ మహానుభావుడికి! తన్మయి ఏదో చెప్పబోయింది.

“కూచోమ్మా,” అన్నాడు వీరభద్రయ్య.

ఆ పిల్ల ప్రశ్నకు ఆఫీసరు ఒక పెన్ను బహుమతిచ్చాడు. జవాబు ఇవ్వలేదు. పద్ధతి ఒప్పుకోదు కదా! అందరూ చప్పట్లు కొట్టారు. స్టాఫ్ రూములో టీ, మిక్చరు అయ్యాయి. కారు కడప దారి పట్టింది.

సాయంత్రం పొద్దుటూరు బస్సు బడి ముందు ఆగింది. అఫ్సానా దిగింది. మెడలో కబడ్డీ పోటీల పతకం. ఆడపిల్లలంతా కేకలేస్తూ ఆమె చుట్టూ మూగారు. వీరభద్రయ్య అటు చూడకుండా స్కూటర్ స్టార్ట్ చేశాడు.

గేటు దాటాక, ఆ స్కూటర్ వెనక సీటు మీంచి తన్మయి అంది: “ఇంక సార్ అనే పన్ల్యాదు గదా, నా పెండ్లి నిలిపేయ్ నాయనా.”